నాన్న సిస్టమ్‌కి నలుగురు కాపలావాళ్ళు

మా నాన్న కంప్యూటర్ ఆన్ చేసే పద్ధతి ఒకటుండేది. పొద్దున్నే స్నానం చేసి వచ్చి, తడి తువ్వాలు దండెం మీద ఆరేసి, సీపీయూ బటన్ నొక్కి దేవుడి గూటి దగ్గరికి వెళ్ళేవాడు. ఆంజనేయ దండకం ఒకసారి పూర్తయ్యేసరికి తెర మీద బొమ్మలు వచ్చేవి. రెండోసారి చదివితే క్రోమ్ తెరుచుకునేది. సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు పక్కనే కూర్చుని చూశాను.

"ఏంటి నాన్నా, ఇంత స్లోనా?" అన్నాను.

"దానికీ వయసొచ్చింది, నాకూ వచ్చింది. తొందరేముంది?" అన్నాడు. ముప్పై ఏళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. దండకం రెండుసార్లు చదివే వంక దొరికిందని లోపల సంతోషమేమో కూడా.

ఆ సిస్టమ్ 2016లో కొన్నది. బ్రాండెడ్ కంపెనీ డెస్క్‌టాప్, ఆరో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. కింద కుడివైపు గడియారం పక్కనున్న చిన్న బాణం నొక్కితే వరసగా కూర్చుని కనిపించారు కాపలావాళ్ళు. రెండు యాంటీవైరస్‌లు, ఒక క్లీనరు, ఒక 'డ్రైవర్ అప్‌డేటరు'. యాంటీవైరస్‌లలో ఒకదానికి ఎప్పుడో గడువు అయిపోయింది. అయినా కదలకుండా కూర్చుని, డబ్బు కట్టమని రోజూ ఎర్ర డబ్బాలో బెదిరిస్తోంది. క్లీనరేమో '1,146 సమస్యలు' అంటోంది. సమస్యలంటే ఏమిటో చెప్పదు, పూర్తి వెర్షన్ కొంటే బాగుచేస్తానంటుంది. ఊళ్ళో జాతకం చూసి దోషాలు లెక్కపెట్టి, శాంతికి ఖర్చు చెప్పేవాళ్ళు గుర్తొచ్చారు నాకు.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచాను. సీపీయూ 11 శాతం. డిస్క్ 100 శాతం. నాన్న ఇంకా ఏ ప్రోగ్రామూ తెరవలేదు.

కంప్యూటర్ స్పీడు ఒక పని, సేఫ్టీ ఇంకో పని అని మనవాళ్ళ లెక్క. స్పీడుకి ఒక మందు, సేఫ్టీకి ఒక మందు. నేనేమంటానంటే, ఇంట్లో సిస్టమ్‌కి ఈ రెండూ ఒకే జబ్బు. స్లోగా ఉన్న సిస్టమ్ ముందు మనిషికి ఓపిక ఉండదు. అప్‌డేట్ వస్తే విసుగొచ్చి ఆపేస్తాడు. అడ్డమొచ్చిన ప్రతి డబ్బాకీ 'యెస్' కొడతాడు. 'మీ పీసీ వేగం పెంచండి' అని ఎవడన్నా అంటే దింపి వేసుకుంటాడు. దాంతో సిస్టమ్‌లో చెత్త పెరుగుతుంది, ఇంకా స్లో అవుతుంది, ఓపిక ఇంకా తగ్గుతుంది. మా నాన్న దగ్గర ఈ గొలుసు తొమ్మిదేళ్ళు తిరిగింది. అందుకే వేగం సంగతి తేల్చకుండా సెక్యూరిటీ గురించి లెక్చరిస్తే దండగ.

ముందు మన ఆచారాల సంగతి. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి రిఫ్రెష్, రిఫ్రెష్, రిఫ్రెష్ అని ఐదారుసార్లు కొట్టని మనిషిని ఇంతవరకూ చూడలేదు. నాన్నే కాదు, ఇంజనీరింగ్ కాలేజీలో మాకు ల్యాబ్ చెప్పిన సారు కూడా కొట్టేవారు. అది చేసే పనల్లా డెస్క్‌టాప్ మీద ఏ ఫైళ్ళున్నాయో మళ్ళీ చూసి ఐకాన్లు తిరిగి గీయడం. ర్యామ్ ఖాళీ అవదు, స్పీడు పెరగదు. రెండో ఆచారం, రన్‌లో 'టెంప్' అని కొట్టి వచ్చినవన్నీ డిలీట్ చేయడం. డిస్క్ నిండిపోయి ఉంటే దీనితో కాస్త చోటు దొరుకుతుంది. నాన్న డిస్కులో 700 జీబీ ఖాళీ. గోడౌన్ ఖాళీగా ఉన్నప్పుడు మూల ఊడిస్తే వ్యాపారం పెరగదు కదా. మూడోది ప్రీఫెచ్ ఫోల్డర్ ఖాళీ చేయడం. యూట్యూబ్‌లో ఏ వీడియో చూసినా ఇది ఉంటుంది. ఏ ప్రోగ్రామ్ తెరవాలంటే ఏయే ఫైళ్ళు కావాలో విండోస్ రాసుకునే చిట్టా అది. ఎక్స్‌పీ కాలం నుంచీ ఉంది. దాన్ని చెరిపేస్తే మర్నాడు ప్రోగ్రాములు తెరుచుకోవడం ఇంకాస్త ఆలస్యమవుతుంది. మళ్ళీ మొదట్నుంచీ రాసుకోవాలి కాబట్టి.

టాస్క్ మేనేజర్‌లోనే ఇంకొకటి కనిపించింది. పెర్ఫార్మెన్స్ పేజీలో 'అప్ టైమ్' దగ్గర 41 రోజులని ఉంది. "రోజూ రాత్రి షట్‌డౌన్ చేస్తాను కదరా!" అని నాన్న అభ్యంతరం. నిజమే, చేస్తున్నాడు. విండోస్ 8 నుంచీ ఫాస్ట్ స్టార్టప్ అని ఒకటి వచ్చింది. షట్‌డౌన్ కొట్టినా సిస్టమ్ పూర్తిగా ఆరిపోదు. లోపలి ముఖ్యభాగాన్ని ఉన్నదున్నట్టుగా డిస్కులో దాచుకుని, పొద్దున మళ్ళీ తెచ్చుకుంటుంది. నిన్నటి చిక్కులన్నీ ఇవాళ్టికి అలాగే వస్తాయి. రీస్టార్ట్ కొడితేనే మొదట్నుంచీ మొదలవుతుంది. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ నిజం. వారానికి ఒకసారి రీస్టార్ట్ అని క్యాలెండర్‌లో శనివారాల పక్కన రాసిపెట్టాను.

ఇక అసలు దొంగ హార్డ్ డిస్క్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను. పాత సిస్టమ్ స్లో అయిందని కొత్తది కొనేసినవాళ్ళలో చాలామందికి ఈ ఒక్క సంగతి తెలిసుంటే ముప్పై నలభై వేలు మిగిలేవని నా నమ్మకం.

నాన్నకి చెబితే వినడు, లెక్క చూపిస్తే వింటాడు. డైనింగ్ టేబుల్ మీద కరెంటు బిల్లు వెనక్కి తిప్పి ఆయన చేతే వేయించాను. హార్డ్ డిస్క్ లోపల గ్రామఫోన్ రికార్డులాంటి పళ్ళెం ఒకటి తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 7,200 చుట్లు. "అంటే సెకనుకి 120" అన్నాడు వెంటనే. ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. కావలసిన ముక్క పళ్ళెం మీద ఎక్కడుందో తెలీదు కాబట్టి సగటున సగం చుట్టు ఆగాలి, అంటే నాలుగు మిల్లీసెకన్ల పైన. దానికి ముందు ముల్లు ఆ వరస దగ్గరికి జరగాలి, దానికి సుమారు తొమ్మిది. మొత్తం పదమూడు. "ఇదేం పెద్ద ఆలస్యం కాదే" అన్నాడు. నిజమే, ఒక్క ముక్కకైతే. విండోస్ లేవాలన్నా ప్రోగ్రామ్ తెరవాలన్నా ఒకచోట వరసగా ఉన్నది చదవడం ఉండదు. ఎక్కడెక్కడో ఉన్న వేల చిన్న చిన్న ముక్కలు ఏరుకోవాలి. పదివేల ముక్కలనుకో. నాన్న పెన్సిల్ ఆగింది. "130 సెకన్లు" అన్నాడు. ఆపైన, "రెండు నిమిషాల పైన, ఉత్త వెతుక్కోడానికే" అని కింద గీత గీశాడు.

దీనికి మన కాపలావాళ్ళని కలపండి. పంక్తిలో వడ్డించేవాడు ఒక్కడే. విండోస్ సాంబారు అడిగింది. అది తేబోతుంటే మొదటి యాంటీవైరస్ 'ఆ గిన్నె ఇటు చూపించు' అంటుంది. రెండోది 'నాకూ చూపించు' అంటుంది. క్లీనరు వంటింట్లో ఏమేం పాడయ్యాయో లెక్కపెట్టి రమ్మంటుంది. ముల్లు ఆ చివర నుంచి ఈ చివరకి పరుగెత్తడమే సరిపోతుంది. డిస్క్ 100 శాతం, సీపీయూ 11 శాతం అంటే అర్థం అదే. ప్రాసెసర్ ఆకు ముందేసుకుని కూర్చుని ఎదురుచూస్తోంది.

హార్డ్ డిస్క్ బదులు పెట్టే చిప్‌ల డిస్క్ పేరు ఎస్ఎస్‌డీ. అందులో తిరిగేది లేదు, ముల్లు లేదు. మామూలు శాటా ఎస్ఎస్‌డీ కూడా అలాంటి చిన్న ముక్కల్ని సెకనుకి వేలల్లో అందిస్తుంది. హార్డ్ డిస్క్ డెబ్భై ఎనభై దగ్గరే ఆగిపోతుంది. ఇంకో పదేళ్ళు పోయినా మా నాన్నకి ఐ3 ప్రాసెసర్ చాలకపోవడం ఉండదు. ఆయన చేసేది యూట్యూబ్‌లో అవధానాలు చూడటం, బ్యాంకు పాస్‌బుక్ చూసుకోవడం, డాలస్‌లో ఉన్న అక్కతో వీడియో కాల్, ఆపైన పద్యాలు టైపు చేసుకోవడం. ఆ ప్రాసెసర్ దీనికి ఎక్కువే. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో 256 జీబీ ఎస్ఎస్‌డీ ఒకటి, 4 జీబీ ర్యామ్ ముక్క ఒకటి కొన్నాను. ఈమధ్య ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. అయినా రెండూ కలిపి కొత్త సిస్టమ్ ధరలో పదో వంతు లోపే అయింది. మీ మదర్‌బోర్డుకి ఏ రకం ర్యామ్ పడుతుందో ముందే ఫొటో తీసుకుని వెళ్ళండి. నేను తీసుకెళ్ళక రెండుసార్లు తిరిగాను.

క్యాబినెట్ తలుపు తీస్తే లోపల తొమ్మిదేళ్ళ దుమ్ము. ప్రాసెసర్ ఫ్యాన్ కింద హీట్‌సింక్ రెక్కల మధ్య దూదిపరుపులా పట్టింది. పవర్ సప్లై పక్కన బల్లి గుడ్ల పెంకులు రెండు. మాకు ఎండాకాలం తెలిసిందే. గదిలోనే నలభై దగ్గర ఉంటే, గాలి ఆడని ప్రాసెసర్ తనని తాను కాపాడుకోడానికి వేగం తగ్గించేసుకుంటుంది. ఎండలు ముదిరాక సిస్టమ్ ఇంకా స్లో అవుతోందని నాన్న అనడానికి కారణం వైరస్ కాదు, ఈ దూది. పెయింట్ బ్రష్, సైకిల్ పంపు, అరగంట పని. ఫ్యాన్‌ని వేలితో ఆపి ఊడవండి, గిర్రున తిరగనివ్వద్దు.

మొదటి రోజే కాపలావాళ్ళని ఒక్కొక్కరినే పంపించేశాను. నాన్నకి గుండె దడ. "ఉన్నవన్నీ తీసేస్తే వైరస్ రాదా?" అన్నాడు. అదే ప్రశ్న చాలామంది అడుగుతారు కాబట్టి ఇక్కడే తేలుద్దాం.

విండోస్ 8 వచ్చినప్పటి నుంచీ, అంటే 2012 నుంచీ, డిఫెండర్ యాంటీవైరస్ విండోస్‌తోనే వస్తోంది. బయటి యాంటీవైరస్ వేస్తే అది మర్యాదగా పక్కకి తప్పుకుంటుంది. ఇంట్లో వాడకానికి అది చాలు అని నా అభిప్రాయం. రెండు యాంటీవైరస్‌లు మాత్రం ఎవరికీ, ఎప్పుడూ వద్దు. ఒకే ఫైలు మీద రెండూ ఒకేసారి పడతాయి, ఒకదాన్ని ఒకటి అనుమానిస్తాయి.

క్లీనర్ల విషయంలో నాది ఇంకా మొండి పట్టు. 2017లో సీక్లీనర్ అనే పేరున్న క్లీనరుకి ఏమైందో చాలామందికి గుర్తుండదు. దాన్ని తయారుచేసే చోటే దొంగలు దూరి, 5.33 వెర్షన్‌లో తమ కోడ్ కలిపేశారు. కంపెనీ సంతకంతో, కంపెనీ సైటు నుంచే నెల రోజుల పాటు జనానికి వెళ్ళింది. 22 లక్షల పైచిలుకు కంప్యూటర్లు. ఇళ్ళలో వాడేవాళ్ళకి పెద్ద నష్టం జరగలేదు. దొంగల గురి పెద్ద టెక్ కంపెనీల మీద. కానీ నాకు మిగిలిన పాఠం వేరే. ఇంట్లో చీపురు అవసరం లేని చోట చీపురు పట్టుకున్న మనిషిని పెట్టుకుని, వాడికి బీరువా తాళాలు కూడా ఇచ్చాం. ఇక భయపెట్టి డబ్బు గుంజే బాపతు. ఉచితంగా స్కాన్ చేసి, లేనిపోని హెచ్చరికలతో పూర్తి వెర్షన్ కొనిపించే ప్రోగ్రాముల్ని అక్కర్లేని సాఫ్ట్‌వేర్‌గా లెక్కగట్టి తీసేస్తామని మైక్రోసాఫ్ట్ 2018లోనే చెప్పింది. నాన్న సిస్టమ్‌లో '1,146 సమస్యలు' అన్నది సరిగ్గా అదే బాపతు. డిఫెండర్ మరి దాన్నెందుకు తీసేయలేదు? రెండు కారణాలు. బయటి యాంటీవైరస్‌లు ఉన్నాయి కాబట్టి డిఫెండర్ నిద్రపోతోంది. రెండో కారణం ఇంకా చేదు.

నాలుగేళ్ళ కిందట సిస్టమ్ మరీ హ్యాంగ్ అవుతోందని నాన్న ఒక షాపుకి పట్టుకెళ్ళాడు. ఏ షాపో అనవసరం, అలాంటివి ప్రతి ఊళ్ళో ఉన్నాయి. అక్కడి కుర్రాడు చూసీ చూడగానే "ఫార్మాట్ కొట్టాలి మాస్టారూ, డేటా ఏమన్నా ఉందా?" అన్నాడు. నాన్న "అన్నీ డీ డ్రైవ్‌లోనే ఉన్నాయి బాబూ" అన్నాడు, నిజంగానే అలా నమ్మి. ఆయన పద్యాలేమో డెస్క్‌టాప్ మీద 'శతకం' అనే ఫోల్డర్‌లో ఉన్నాయి. డెస్క్‌టాప్ మీద పెట్టినవన్నీ సీ డ్రైవ్‌లోనే ఉంటాయని ఆయనకి తెలీదు. ఆ కుర్రాడు తెరిచి చూడలేదు. మూడేళ్ళపాటు ఒంటి వేలితో టైపు చేసినవి, రెండొందలకి పైగా కందాలూ తేటగీతులూ, పదిహేను నిమిషాల్లో పోయాయి. సగం పాత నోటుబుక్కులో ఉన్నాయి. మిగతా సగంలో గుర్తొచ్చినవి మళ్ళీ రాసుకున్నాడు. కొన్నిట్లో మూడు పాదాలే గుర్తొచ్చాయి. ఆ నాలుగో పాదం కోసం ఇప్పటికీ మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుని వేళ్ళ మీద గణాలు లెక్కపెడుతూ ఉంటాడు.

అంత చేసి ఆ కుర్రాడు వేసిందేమిటంటే దొంగ విండోస్. విచిత్రం చూడండి, అది కంపెనీ సిస్టమ్. విండోస్ 10 హోమ్‌కి డబ్బు 2016లోనే కట్టేశాం, ఆ లైసెన్స్ తాళం మదర్‌బోర్డులోనే దాగి ఉంది. మైక్రోసాఫ్ట్ సైటు నుంచి హోమ్ దింపి పెన్ డ్రైవ్‌తో వేస్తే, ఏ నంబరూ అడక్కుండా దానంతటదే యాక్టివేట్ అవుతుంది. సొంత తాళం జేబులో ఉండగా మారుతాళంతో తలుపు తీయించుకున్నాం. ఆ మారుతాళం పేరు యాక్టివేటర్. అది పనిచేయాలంటే యాంటీవైరస్ కళ్ళు మూయాలి. డిఫెండర్‌లో 'ఎక్స్‌క్లూజన్స్' అని ఒక పేజీ ఉంటుంది. ఇక్కడ చెప్పినవాటి జోలికి వెళ్ళకు అని రాసే చోటు. తెరిచి చూస్తే అందులో ఒకే ఒక వరస ఉంది. సీ డ్రైవ్ మొత్తం.

డిఫెండర్ మేలుకుని ఉన్నా ఏం లాభం? ఎవరైనా సరే, షాపు నుంచి సిస్టమ్ తెచ్చుకోగానే మొదట చూడాల్సింది ఆ పేజీ. ఖాళీగా ఉండాలి. ఉండకపోతే ఏ కారణం చెప్పినా నమ్మకండి.

పాత డిస్కులోని పనికొచ్చే ఫైళ్ళు తీసిపెట్టుకుని, కొత్త ఎస్ఎస్‌డీ మీద శుభ్రంగా అసలు హోమ్ వేశాను. పాత డిస్కుని ఉన్నదున్నట్టుగా కాపీ కొడితే, అంటే క్లోన్ చేస్తే, తేలికగా అయిపోయేది. కానీ ఆ దొంగ సరుకంతా కొత్త ఇంటికి మోసుకెళ్ళడం ఎందుకు?

విండోస్ 10 సంగతి కూడా ఉంది మరి. 2025 అక్టోబర్ 14తో దానికి మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆరో తరం ప్రాసెసర్‌కి విండోస్ 11 రాదు, ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటారు. అడ్డదారిన వేసే పద్ధతులున్నాయి గానీ, వాటి మీద రేపు అప్‌డేట్ వస్తుందో రాదో ఎవరి పూచీ ఉండదు. నాన్నకి అలాంటి జూదం వద్దనుకున్నాను. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్లు 2026 అక్టోబర్ 13 దాకా ఇళ్ళలో వాడేవాళ్ళకీ ఇస్తున్నారు. ముప్పై డాలర్లు కట్టొచ్చు, లేదంటే మైక్రోసాఫ్ట్ అకౌంటుతో లాగిన్ అయి సెట్టింగుల బ్యాకప్ ఆన్ చేస్తే ఊరికే వస్తుంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే 'ఎన్‌రోల్' అని కనిపిస్తుంది. ఆ తర్వాత ఏమిటంటే, విండోస్ బదులు ఊరికే వేసుకోగల లినక్స్ మింట్. నా లెక్కలో నాన్న పనులన్నీ అందులో హాయిగా జరుగుతాయి. ఆయన మాత్రం "అక్టోబర్ కదా, చూద్దాంలే" అన్నాడు. పదేళ్ళు బతకగలిగిన సిస్టమ్‌ని కాగితం మీద చంపేయడం కంపెనీల అన్యాయమే. దాని మీద నాకూ కోపం ఉంది. ఆ కోపంతో అప్‌డేట్ లేని విండోస్‌తో బ్యాంకు పని చేస్తే నష్టపోయేది మాత్రం మనం.

"నాలాంటి వాడి కంప్యూటర్‌లోకి ఎవడొస్తాడురా?" అన్నది నాన్న వాదన. మంచి ప్రశ్నే. వచ్చేవాడికి మన పేరుతో పని లేదు. 2017 మే 12న ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వాన్నాక్రై వైరస్ బయటికొచ్చినప్పుడు అది ఎవరినీ ఎంచుకోలేదు. తలుపు తీసి ఉన్న ప్రతి ఇంట్లోకీ దూరింది. 150 దేశాల దాకా పాకింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. ఆ తలుపుకి గడియ మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న, అప్‌డేట్‌లో పంపింది. వేసుకున్నవాళ్ళు తప్పించుకున్నారు. వేసుకోనివాళ్ళలో అప్‌డేట్ వస్తే సిస్టమ్ గంటసేపు కదలదని ఆపేసుకున్నవాళ్ళు ఎందరో. నా గొలుసు ఇదే. ఇప్పుడు ఎస్ఎస్‌డీ మీద నాన్నకి అప్‌డేట్ వచ్చినట్టు కూడా తెలియదు, కాబట్టి ఆపాలన్న బుద్ధీ పుట్టదు.

కొత్తగా వేశాక నేను పట్టుబట్టి చేసిన మార్పు ఒకటే, దానికి మా ఇద్దరికీ గొడవైంది. నాన్న రోజూ వాడే అకౌంట్‌ని స్టాండర్డ్ చేసి, అడ్మిన్ అకౌంట్ వేరేగా పెట్టాను. ఏదైనా ఇన్‌స్టాల్ చేయాలంటే ఆ పాస్‌వర్డ్ అడుగుతుంది.

"నా ఇంట్లో నేను పరాయివాణ్ణా?"

"నువ్వు పరాయివాడివి కాదు నాన్నా. నువ్వు క్లిక్ చేసినవాటితో వచ్చేవాళ్ళు పరాయివాళ్ళు."

పాస్‌వర్డ్ రాసి అమ్మకిచ్చాను. పోపులడబ్బాలో పెట్టింది. ఇప్పుడు ఏ కొత్త సాఫ్ట్‌వేర్ రావాలన్నా అమ్మ అనుమతి కావాలి. ఆవిడ "ఎందుకది?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పలేక ఇప్పటికే రెండు ప్రోగ్రాములు ఆగిపోయాయి. ఏ యాంటీవైరస్‌కీ రాని తెలివి అది.

క్రోమ్‌లో ఇంకో పుట్ట. పగలంతా కింద మూల నుంచి 'మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు' అని డబ్బాలు లేచేవి. నాన్న వాటిని యాంటీవైరస్ చెబుతోందనుకునేవాడు. గుర్తు కూడా అచ్చం అలాగే ఉంది. అవి వెబ్‌సైట్ల నోటిఫికేషన్లు. పంచాంగం చూద్దామని, డీఏ జీవో చూద్దామని ఏ సైటుకో వెళ్తే 'అలౌ' అని అడుగుతుంది, ఈయన నొక్కేస్తాడు. క్రోమ్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్ల జాబితా తెరిస్తే 34 సైట్లున్నాయి. అన్నీ తీసేసి, ఇక ముందు ఎవరూ అడక్కుండా ఆపేశాను. తీసింది ఒక జాబితా, పోయింది రోజూ ఉండే టెన్షన్.

ఎందుకంటే పెద్దవాళ్ళని ముంచేది ఆ డబ్బా తర్వాత వచ్చే ఫోన్ నంబరు. తెరంతా ఎర్రగా నిండిపోయి, మోత మోగుతూ, ఈ నంబరుకి కాల్ చేయండి అంటుంది. చేస్తే అవతలివాడు మర్యాదగా మాట్లాడి, రిమోట్‌గా చూస్తానంటూ ఒక యాప్ వేయిస్తాడు. ఇక సిస్టమ్ మనది కాదు. అలాంటి తెర వస్తే ఎస్కేప్ గట్టిగా నొక్కిపట్టమన్నాను, లేకపోతే ఆల్ట్, ఎఫ్4. అదీ గుర్తు రాకపోతే స్విచ్ కట్టేయమన్నాను, ఫర్వాలేదు. డబ్బు పోయిందని తెలిస్తే మాత్రం నాకు ఫోన్ చేయడం కన్నా ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. ఆ నంబరు మానిటర్ అంచున స్కెచ్ పెన్నుతో రాసి అంటించాను. డబ్బు అవతలి ఖాతా నుంచి చేతులు మారకముందే ఆపగలిగేది మొదటి గంటల్లోనే.

పాస్‌వర్డ్‌ల విషయంలో నన్ను తిట్టేవాళ్ళుంటారు. నాన్న పాస్‌వర్డ్‌లు బీరువాలో డైరీలో రాసుకుంటాడు. ఉంచుకోమన్నాను. ఇప్పటి వైరస్‌లు ఎక్కువగా చేసేది బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లని మూటకట్టుకుపోవడమే. డైరీని దొంగిలించాలంటే దొంగ తెనాలి రావాలి.

బ్యాకప్ కోసం బయటి హార్డ్ డిస్క్ ఒకటి. నెలకోసారి పెట్టి, కాపీ చేసి, వైరు పీకేసి, చీరల బీరువాలోకి. వైరు పీకడం ముఖ్యం. ఫైళ్ళని బందీ చేసి డబ్బు అడిగే వైరస్ తగిలి ఉన్న డిస్కుని కూడా వదలదు. 'శతకం' ఫోల్డర్ మాత్రం క్లౌడ్‌లోకి కూడా దానంతటదే వెళ్తుంది. మాకు పోయేది ఇంకేమీ లేదు, ఆ ఒక్కటే.

ఇన్ని చెప్పిన నాకు జవాబు దొరకనిది మా బావ సిస్టమ్. మేనత్త కొడుకు, డీటీపీ షాపు. పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు. విండోస్ 7, పేజీలు కూర్చే పేజ్‌మేకర్, పాతకాలపు తెలుగు అను ఫాంట్లు. ఆ విండోస్‌కి అప్‌డేట్లు 2020 జనవరిలోనే ఆగాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది, ఇప్పుడు ఫోన్లలో, నెట్‌లో నడిచే యూనికోడ్ తెలుగు దానికి తెలీదు. మార్చమంటే ఇరవై ఏళ్ళ శుభలేఖల డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయంటాడు. నిజమే, ఏం చెప్పను? నెట్ కేబుల్ పీకేయమన్నాను, పీకేశాడు. కానీ ఊరందరి పెన్ డ్రైవ్‌లూ అక్కడికే వస్తాయి. ఫోల్డర్లన్నిటినీ షార్ట్‌కట్లుగా మార్చేసే ఆ పాత వైరస్ ఇంకా బతికి ఉందంటే ఇలాంటి షాపుల పుణ్యమే.

నాన్న శతకం అచ్చు వేయించాలి. ఉగాదికి. వేసేది బావే. నాన్న యూనికోడ్‌లో టైపు చేసినవి అనులోకి మార్చాలి, మారిస్తే కొన్ని ఒత్తులు ఎగిరిపోతాయి, ప్రూఫులు దిద్దాలి, మళ్ళీ తీసుకెళ్ళాలి. అంటే పెన్ డ్రైవ్ అటూ ఇటూ తిరుగుతుంది. నేను గట్టిగా చెప్పాను. కొత్త పెన్ డ్రైవ్‌లో వేసి ఇచ్చెయ్, తిరిగి తేవద్దు, ప్రూఫులు కాగితం మీద తెచ్చుకో అని.

నిన్న నాన్న ఫోన్ చేశాడు.

"ఒరేయ్, పెన్ డ్రైవ్ నాలుగొందలట. నాలుగు ప్రూఫులకి పదహారొందలు. శతకం అమ్మితే అంత వస్తుందా?"